ఫ్యాను రెక్కల కింది పత్తి

దర్శి,
గురువారం ఉదయం.

అన్నయ్యకు,

నీ పాదాలకు ఇక్కడి నుంచే దణ్ణం పెట్టుకుని రాజ్యం రాస్తోంది. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? వదిన షుగరు మాత్రలు మానకుండా వేసుకుంటోందా? నవమికి మన గుళ్ళో పానకం మీరే పోయించారా, ఈసారి ఇంకెవరైనా పోయించారా? ఇక్కడ మేము ముగ్గురం బాగానే ఉన్నాం. మీ బావగారు గోడ పట్టుకుని వీధి గుమ్మం దాకా నడుస్తున్నారు. సుజాతకు ఒంటిపూట బడులు మొదలయ్యాయి, మధ్యాహ్నానికల్లా ఇంటికి వస్తోంది. దిగులు పడవద్దు.

అన్నయ్యా, బాగానే ఉన్నాం అని రాశాను కానీ బాగా లేము. నిన్న నీ కార్డు అందింది. "గోపి కంప్యూటర్ల పని మానేశాడు. పౌర్ణమి వెళ్ళాక సూరత్ పోయి మరమగ్గాల్లో చేరతానంటున్నాడు. సంబంధం సంగతి ఇక మనం అనుకోకపోవడమే మంచిది" అని నాలుగు ముక్కలు రాశావు. నా ఆరోగ్యం కూడా అడగలేదు. నువ్వు అడగకపోవడం న్యాయమే. ఆ కార్డు పట్టుకుని పొయ్యి దగ్గర ఎంతసేపు కూర్చున్నానో, అడుగున అన్నం మాడింది. ఇక ఉండబట్టక ఈ కలం పట్టుకున్నాను.

గోపి తప్పు లేదు. మా కంప్యూటరులో ప్రాసెసర్ కాలిపోవడానికి నీ కొడుకు కారణం కాదు. ఎందుకు కాలిందో నాకు తెలుసు. పదిహేను రోజులుగా తెలుసు. తెలిసి నోరు మూసుకుని కూర్చున్నాను.

మొదటి నుంచీ చెబుతాను, ఓపికగా చదువు.

సుజాతకు ఇక్కడ స్కూల్లో పిల్లలకు కంప్యూటర్ నేర్పే ఉద్యోగం వచ్చిందని బడులు తెరిచే రోజుల్లో చీరాల వదిలి వచ్చాం కదా. ఊరు మంచిదే. కానీ ఇక్కడ గాలి వేరు. సాయంత్రం అయితే మనకు సముద్రం వైపు నుంచి చల్లగా తగిలేది చూడు, అది ఇక్కడ లేదు. శివరాత్రి వెళ్ళగానే ఎండ మొదలైంది. నీళ్ళు ఉప్పన. పప్పు ఎంతసేపటికీ ఉడకదు. మిరపకాయలు ఆరబోసిన రోజున వీధంతా తుమ్ములే. మగ్గం చప్పుడు వినపడదు. మొదటి నెల తెల్లవారగానే మెలకువ వచ్చి, ఏదో ఆగిపోయినట్టు అనిపించి లేచి కూర్చునేదాన్ని. తరువాత తెలిసింది, ఆగిపోయింది ఏమీ లేదు, మన వీధి ఇక్కడ లేదు, అంతే.

ఇల్లుగలావిడ కోటమ్మ గారు మంచి మనిషి. నన్ను పేరు పెట్టి పిలవదు, "ఏం చీరాలమ్మా, తిన్నావా?" అని వీధి చివరి దాకా వినపడేలా అరుస్తుంది. వాళ్ళది పత్తి పొలం. ముందు గదిలో పత్తి పోసుకుంటారు. నా నోము సంగతి తెలిసి ఒళ్ళో పట్టినంత పత్తి తెచ్చి పోసింది. "దేవుడికేగా, తీసుకో. గింజలు మటుకు నువ్వే ఒలుచుకో, నాకు ఓపిక లేదు" అంది.

నోము అంటే లక్షవత్తుల నోము. మీ బావగారికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయిన రోజున ఆసుపత్రి వరండాలో మొక్కుకున్నాను. ఆ చెయ్యి మళ్ళీ పెన్సిల్ పట్టుకుంటే లక్ష వత్తులు నా చేత్తో చేసి స్వామి దగ్గర వెలిగిస్తానని. ఆ చెయ్యి ఎలాంటి చెయ్యో నీకు చెప్పాలా? ముప్పై ఏళ్ళు గ్రాఫ్ కాగితం మీద గడి గడికీ రంగు నింపి జాకార్డు డిజైన్లు గీశారు. చీరాలలో ఎన్ని మగ్గాల మీద ఆయన హంసలు నేశారో. ఆ డిజైన్లన్నీ కంప్యూటరులోకి ఎక్కించి, ఆయన పేరుతోనే మగ్గాలు నేయించే ఆసాములకు ఇద్దామని సుజాత ఆలోచన. స్కూలు నుంచి వచ్చి అదే పని. ఆయన పక్కన కుర్చీలో కూర్చుని "ఆ గడి కాదు, పక్క గడి" అని చెబుతారు. పడిపోయిన తరువాత ఆయన నోటి నుంచి పూర్తిగా వచ్చిన మొదటి మాట అదే.

కార్తీకంలో గోపి సామాను తెచ్చి కంప్యూటర్ బిగించాడు. అంతకు ముందు ప్రాసెసర్ ఏది తీసుకోవాలని పెద్ద చర్చ. బిళ్ళంత ముక్క అది, కంప్యూటర్ చేసే లెక్కంతా దానిదే. రెండు కంపెనీలవి ఉన్నాయట, ధరలో పెద్ద తేడా లేదు. గోపి అన్నాడు:

"అత్తయ్యా, ఇది వేడెక్కితే తనంతట తనే నెమ్మదిస్తుంది. పని ఆలస్యమవుతుంది కానీ బతికి ఉంటుంది. ఆ రెండోది బాగా స్పీడు. కానీ దానికి అలుపు తెలియదు. పైన ఫ్యాను సరిగ్గా తిరగకపోతే మాడిపోయేదాకా పరిగెత్తుతుంది."

"నాకు స్పీడుదే కావాలి బావా," అంది సుజాత. "పైట డిజైన్ ఒకటి తెరిచేలోపు కాఫీ తాగి గ్లాసు కడుక్కోవచ్చు స్కూలు కంప్యూటర్ల మీద."

"దర్శి ఎండలు నీకింకా తెలీదు."

"నీకు నా పని తెలీదు."

రేపు పెళ్ళి కావలసిన వాళ్ళిద్దరూ అలా పోట్లాడుకుంటుంటే నాకు ముచ్చటగా ఉండేది. చివరికి తేల్చలేక నా మీద పెట్టారు. నాకేం తెలుసు? రెండు చీట్లు రాసి స్వామి పటం ముందు వేసి, కళ్ళు మూసుకుని తీశాను. నెమ్మదించేది వచ్చింది. సుజాత ముఖం చిన్నబోయింది. అన్నయ్యా, ఆ ముఖం చూసి, "చీటీ సరిగ్గా మడవలేదు" అని రెండోసారి వేశాను. అప్పుడు స్పీడుది వచ్చింది. స్వామి మొదటిసారే చెప్పాడు. నాకు నచ్చే జవాబు వచ్చేదాకా ఆయన్ని అడిగాను. ఈ మాట ఇప్పటి దాకా ఎవరికీ చెప్పలేదు.

గోపి దాన్నే బిగించాడు. ప్రాసెసర్ మీద, వేడిని పైకి లాగడానికట, తెల్లటి ముద్ద వక్కలో సగమంత పెట్టాడు. దాని మీద అల్యూమినియం దిమ్మ, దువ్వెన పళ్ళలా సన్న సన్న పలకలతో. ఆ దిమ్మ మీద చిన్న ఫ్యాను. కోటమ్మ గారు గుమ్మంలో నిలబడి, "ఆ పెట్టెకి ఏసే ఫ్యానేదో నాకెయ్యవయ్యా, చెమటకి చస్తన్నా" అంటే అందరం నవ్వాం. వెళ్ళేటప్పుడు గోపి నన్ను కూర్చోబెట్టి మరీ చెప్పాడు. "సుజాతకు చెప్పినా వినదు, నీకు చెబుతున్నా. నెలకోసారి పెట్టె మూత తీసి ఫ్యాను దగ్గర దుమ్ము దులపాలి. ముందు ప్లగ్గు పీకు. కిటికీ ఇనప ఊచ ఒకసారి ముట్టుకో, ఒంటి మీద కాస్తో కూస్తో ఉన్న కరెంటు దానిలోకి పోతుంది. తరువాత మెత్తటి బ్రష్షుతో దులుపు. ఫ్యాను గాలి మింగే చోట ఏదీ అడ్డం ఉండకూడదు." సరే నాన్నా అన్నాను.

కానీ మూత తీయడానికి నాకు చేతులు రాలేదు. ముట్టుకుంటే ఏం పాడవుతుందోనని భయం. దుమ్ము బయటి నుంచే కదా వచ్చేది అనుకున్నాను. మన మగ్గం గదిలో చేసినట్టే చేశాను. కిటికీలు మూశాను, తడిగుడ్డ కట్టాను, నేల మీద నీళ్ళు చల్లాను. శుక్రవారం శుక్రవారం పెట్టెను పైపైన తుడిచి బొట్టు పెట్టాను. తలుపు సందులో కూడా గుడ్డ కుక్కాను. ఆ మూసిన గదిలో పెట్టె పక్కనే కూర్చుని పత్తి ఒలిచి వత్తులు చేసేదాన్ని.

ఇక్కడ ఇంకో సంగతి ఉంది. అసలు సంగతి అదే.

ఒంగోలు డాక్టరు గారు వేళ్ళు ఆడించాలి, బంతి నొక్కించండి అన్నారు. మీ బావగారు ఆ బంతిని గోడకేసి కొట్టారు. "చిన్నపిల్లాడినా?" అన్నారు. ఎంత బతిమాలినా కుడిచెయ్యి ఒళ్ళోంచి తీసేవారు కాదు. సంక్రాంతి వెళ్ళిన తరువాత ఒకరోజు సుజాత హంసల అంచు ఎక్కిస్తోంది, ఆయన తెర వైపు చూస్తున్నారు, నేను వత్తులు చేస్తున్నాను. చూద్దును కదా, ఆయన కుడిచేతి వేళ్ళు నా పళ్ళెంలో పత్తిని తడుముతున్నాయి. నేను కదలకుండా కూర్చున్నాను. చిన్న పోగు తీసుకుని తొడ మీద పెట్టుకుని నలిపారు. వానపాములా వంకరగా వచ్చింది. "ఇది లెక్కలోకి వస్తుందా?" అన్నారు. "వస్తుందండీ" అన్నాను. ఏడుపు ఆపుకోలేక లోపలికి వెళ్ళిపోయాను.

అప్పటి నుంచీ రోజూ. తెర చూస్తూ, గడులు చెబుతూ, వత్తులు. డాక్టరు గారు చేతులు ఎత్తి దణ్ణం పెట్టారు, ఏం మందు ఇచ్చారమ్మా అని. కానీ వేళ్ళలో పట్టు లేదు కదా. సగం పత్తి జారిపోయేది. సీలింగు ఫ్యాను గాలికి ఎగిరి ఎటో పోయేది. కంప్యూటర్ పెట్టె కింద నేల మీద ఉండేది, ఆయన కుడివైపున.

ఫాల్గుణంలో ఒక సాయంత్రం సుజాత పని మధ్యలో ఉండగా తెర నల్లబడింది. పెట్టెలోంచి కాలిన వాసన. ఆసామికి మర్నాటికి ఇవ్వాల్సిన డిజైన్. స్కూలుకు వచ్చే మెకానిక్కును పిలిపించింది. అతను మూత తీసి, దిమ్మా ఫ్యానూ కలిసి ఉన్నవి ఉన్నట్టే ఊడదీసి, కింద ముక్కను చూసి, "కాలిపోయిందండి. ఎవరో వాడేసింది బిగించినట్టున్నారు. కొత్తదైతే నాలుగు నెలలకే పోదు" అనేశాడు. ఒక్క మాట. ఆ మాట అని టీ తాగి వెళ్ళిపోయాడు. వేడెక్కితే నెమ్మదించేదాన్ని మరుసటి రోజు తెచ్చి పెడతానన్నాడు, పెట్టాడు. పాత ముక్కా, దిమ్మతో సహా ఫ్యానూ ప్లాస్టిక్ కవరులో వేసి నా చేతికి ఇచ్చాడు పారెయ్యమని.

ఫోను చేస్తే గోపి మర్నాడు మొదటి బస్సుకే వచ్చాడు. జరిగింది నీకు వాడు సగమే చెప్పి ఉంటాడు.

"పాత సామాను మాకే అంటగట్టాలా బావా? బయటివాళ్ళు దొరకలేదా?" అంది సుజాత.

వాడు బిత్తరపోయాడు. "పాతదేంటి? ఆ ముక్కా ఫ్యానూ ఏవీ? ఒకసారి చూడనీ."

"చూసి ఏం చేస్తావు? కొత్తది జేబులోంచి తీసి ఇదే అంటావా?"

"సుజాతా, మాట జాగ్రత్త."

"నువ్వు సామాను జాగ్రత్త."

మీ బావగారికి మాట తడబడుతుంది కదా, ఆవేశం వస్తే ఇంకా. కర్ర నేలకు కొట్టి, "గడప... గడప తొక్కకు" అన్నారు.

గోపి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "మావయ్యా, మీ డిజైన్లు పెట్టుకోవడానికి చేశాను. దాంట్లో పాతది పెడతానా?" అని, నా వైపు తిరిగి, "అత్తయ్యా, నువ్వైనా చెప్పు" అన్నాడు.

ఆ కవరు వంటింటి గూట్లో ఉంది. నేను వెళ్ళి తెచ్చి వాడి చేతిలో పెట్టి ఉంటే అక్కడే తేలిపోయేది. నాకు గొడవలంటే చిన్నప్పటి నుంచీ భయం, నీకు తెలుసు. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను. వాడు మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళాడు. కోటమ్మ గారు మటుకు, "ఏంది చీరాలమ్మా, అంతదూరం నించి వచ్చిన పిలగాణ్ణి అన్నం పెట్టకుండా పంపారు?" అని వీధిలోంచి అరిచింది.

మనం దేన్నీ ఊరికే పారెయ్యం కదా. ఆ ఫ్యాను దేనికైనా పనికొస్తుందేమోనని, పదిహేను రోజుల క్రితం కరెంటు పోయినప్పుడు గుమ్మం వెలుగులో కూర్చుని మరలు విప్పాను. ఫ్యాను పైకి లేచింది. కింద దిమ్మ పలకల మధ్య సందు లేదు అన్నయ్యా. మొత్తం పత్తి. దూది పరుపులా గట్టిగా పట్టేసి ఉంది. గాలి ఎక్కడి నుంచి పోతుంది? వేలితో లాగితే పొరలా వచ్చింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే విభూతి వాసన. వత్తులు నున్నగా రావాలని నేను వేళ్ళకు విభూతి అద్దుకుంటాను. ఈ ఇంట్లో ఆ వాసన వచ్చే పత్తి నా ఒళ్ళోది తప్ప వేరే లేదు.

ఆయన చెయ్యి బాగుపడాలని నేను మొక్కుకున్న నోమే ఆయన డిజైన్లున్న కంప్యూటర్ ఊపిరి ఆపింది. ఆ దోషం గోపి మీద పడింది. ఆ రోజు నుంచి దీపం పెడుతున్నాను కానీ దణ్ణం పెడితే మాట రావడం లేదు. ఏమని అడగను? కోటమ్మ గారి గదిలో పత్తి ఎగిరి వచ్చిందని చెబుదామా అని కూడా ఒక క్షణం అనుకున్నాను. అంతదాకా వచ్చింది నా బుద్ధి.

చెబుదామని మొన్న మంగళవారం నిశ్చయించుకున్నాను. సుజాత స్కూలు నుంచి వచ్చి అన్నం తింటోంది. ఆయన కుర్చీలో ఉన్నారు. నేను కవరు కొంగు కింద పెట్టుకుని వచ్చి, "మీ ఇద్దరితో ఒక మాట చెప్పాలి" అన్నాను. ఆయన, "ముందు ఇది చూడు" అని కుడిచెయ్యి పైకెత్తారు. వేళ్ళ మధ్య ఒక వత్తి. తిన్నగా ఉంది. నీ చేతిలో, నా చేతిలో ఎలా వస్తుందో అలా ఉంది. సుజాత తింటున్న చేత్తోనే చప్పట్లు కొట్టింది. "నాన్నా, రేపు పెన్సిలే!" అంది. ఆయన నవ్వారు. "ఏదో చెబుతానన్నావు?" అన్నారు. "చారులో ఉప్పు సరిపోయిందా అని" అన్నాను.

ఇప్పుడు అర్థమైందా నా గతి? పత్తి వల్ల పాడైందని తెలిస్తే, తన వేళ్ళలోంచి జారింది కూడా అందులో ఉందని ఆయనకు తట్టకుండా ఉంటుందా? తన చేత్తో తన డిజైన్ల కంప్యూటరును కాల్చి, దానికి గోపిని గడప తొక్కవద్దన్నానని తెలిస్తే, ఆ చెయ్యి మళ్ళీ ఒళ్ళోకి వెళ్ళిపోతుంది. ఇక బయటికి రాదు. ఆయన పట్టుదల నీకు తెలుసు. చెప్పకపోతే గోపి సూరత్ పోతాడు, చెయ్యని తప్పు నెత్తిన పెట్టుకుని. ఒక్కొక్కప్పుడు ఈ రెండింటిలో ఏది చేసినా నేను బతికి ఏం లాభం అనిపిస్తోంది. ఏమీ చేసుకోను, భయపడకు. అనిపిస్తోంది, అంతే.

నిన్న నీ కార్డు చదివాక ఆ పత్తి పొరను మళ్ళీ బయటికి తీసి ఎండలో పెట్టి చూశాను. చాలాసేపు చూశాను. ఆయన విభూతి అద్దుకోరు. రంగుల బ్రష్షుకు అలవాటైన మనిషి, వేలు నీళ్ళలో ముంచుకుంటారు. కాబట్టి బూడిద రంగు పత్తి నాది. అదే నాకు దొరికిన దారి. రేపు శుక్రవారం, స్నానం చేసి దీపం పెట్టాక, ఇద్దరి ముందూ ఆ పత్తి పెట్టి, "ఇదిగో విభూతి, వాసన చూడండి, ఇది నా చేతి పత్తి, తప్పు నాది, గోపి చెప్పినట్టు మూత తీసి దులపలేదు" అని చెబుతాను. అందులో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు. వత్తులు ఇకమీదట వరండాలో అరుగు మీద చేద్దాం, గాలికి బాగుంటుంది అంటాను. ఆయన కుర్చీ నేనే అక్కడికి జరుపుతాను. పెట్టెను ఇప్పటికే బల్ల మీదికి ఎత్తించాను. సుజాత స్కూలుకు వెళ్ళాక ప్లగ్గు పీకి, కిటికీ ఊచ ముట్టుకుని, వారానికోసారి మూత తీసి దులుపుతున్నాను. మీ ఇంటి అటక మీద మేము దాచి వచ్చిన రేకు పెట్టెలో ఆయన రంగుల బ్రష్షులు ఉన్నాయి. అన్నిటికన్నా మెత్తటిది ఒకటి వెతికి ఉంచు, వచ్చినప్పుడు తీసుకుంటాను.

ఆదివారం సుజాతను తీసుకుని పొద్దున బస్సుకు వస్తాను. వాణ్ణి అన్న మాట సుజాతే వెనక్కి తీసుకోవాలి. ఆ తరువాత సంబంధం ఉంచుతారా, వద్దంటారా, మీ ఇష్టం. అడిగే ముఖం నాకు లేదు. అప్పటి దాకా గోపిని ఆపు. నీ కాళ్ళు పట్టుకుంటాను, ఆపు. "నీ తప్పు లేదని మీ అత్తయ్యకు తెలుసట, ఆమే వచ్చి చెబుతుందట" అని ఆ ఒక్క మాట చెప్పు. ఆ రోజు నువ్వైనా చెప్పు అని వాడు నన్ను అడిగాడు. వాడికి ఇదే నా జవాబని చెప్పు.

వదినకు నమస్కారాలు. పెద్దమ్మ ఇంకా మంచం మీదే ఉందా? ఆమె కాళ్ళకు నా బదులు నువ్వు దణ్ణం పెట్టు. మమ్మల్ని ఆశీర్వదించమని అడుగు, ముఖ్యంగా ఆ చేతిని.

ఇంకొకటి. ఈ ఉత్తరం చింపవద్దు, ఎవరికీ చూపించవద్దు. వదినకూ, గోపికీ కూడా. మన నాన్న కాగితాలు పెట్టుకునే పెట్టెలో అడుగున పెట్టు. నేను రేపు భయపడి చెప్పలేకపోతే, నువ్వు వచ్చి నిలదీయడానికి ఒక సాక్ష్యం ఉండాలి. చెప్పగలిగితే ఇంకా గట్టిగా దాచు. ఎందుకంటే రేపు నేను వాళ్ళ ముందు పెట్టేది బూడిద రంగు పొర ఒక్కటే. నిన్న ఎండలో రెండూ విడదీశాను అన్నయ్యా. మిగతాది మల్లెపూవులా తెల్లగా ఉంది. నాదానికన్నా అదే ఎక్కువ ఉంది. దాన్ని తడిపి వత్తి చేసి ఆరబెట్టాను. రేపటి దీపంలో వేస్తాను. ఆ సంగతి స్వామికి, నాకు, నీకు తెలిస్తే చాలు.

నీ చెల్లెలు,
రాజ్యం